రేకుల రూమ్ సమగ్ర సూచిక

మా కార్యాలయంలో ముగియనిదాన్ని కుట్టరు. రాష్ట్ర ధ్వని భాండాగారం పుట్టిన నాటి నుంచీ అదే నియమం. ఎవరి కృతులకు సూచిక తయారుచేసినా, చివరి కృతి నమోదయ్యాక దాని కింద ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టి సంచాలకులు సంతకం పెడితేనే బైండరు సూది ఎత్తుతాడు. ఇంతవరకు మూడు వందల పదకొండు మంది హరికథకులకు, నాటకాల హార్మోనిస్టులకు, భజన గురువులకు సూచికలు కుట్టించాం. ఒక్కరూ ఇబ్బంది పెట్టలేదు. అందరూ అప్పటికే పోయినవాళ్ళు.

నా పేరు వకుళ. ఇరవై రెండేళ్ళుగా అక్కడ సూచికలు రాస్తున్నాను. నా చేతిరాత బాగుంటుందని ఇప్పటికీ కార్డులు చేత్తోనే రాయిస్తారు. సెక్షన్‌లో కంప్యూటర్ లేకపోలేదు. దుమ్ము పడకుండా దానికి గుడ్డ కవరు కుట్టించాం.

రెండేళ్ళ కిందట పైనుంచి ఒక సర్క్యులర్ దిగింది. సాంస్కృతిక సంస్థలన్నీ తొంభై రోజుల్లోగా యువతకు చేరువ కావాలట, చేరువైనట్టు ఫోటోలు జతచేయాలట. పక్క భవనంలో వాళ్ళు ఒక రాతి విగ్రహానికి నల్ల కళ్ళజోడు పెట్టి ఫోటో తీసి పని కానిచ్చేశారు. మా సంచాలకులు మార్కండేయులు గారు అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. తాళపత్రాల మీద పరిశోధన చేసిన పండితులు. కాఫీ బాగుందని చెప్పాలన్నా పూర్వ ప్రమాణం వెతుక్కుంటారు.

సరిగ్గా ఆ వారమే మా శాఖ కార్యదర్శి గారి కారు ఒక సిగ్నల్ దగ్గర ఆగిందట. పక్కన ఆటోలో ఏదో మోగుతోందట. అద్దం దించి ఏమిటని అడిగితే ఆటో అతను "రేకుల రూమ్ బీట్ సార్, గిది గూడ ఎర్కలేదా?" అన్నాడట. మరుసటి రోజు పొద్దున్నే మా సంచాలకులకు ఫోన్: "రేకుల రూమ్ రచనలు మీ దగ్గర ఎన్ని ఉన్నాయండీ?"

మార్కండేయులు గారు సర్వీసులో ఎన్నడూ "లేవు" అన్న మాట వాడలేదు. "సమగ్ర సూచిక ప్రక్రియలో ఉన్నది" అని జవాబిచ్చారు. ఫోన్ పెట్టేశాక నన్ను పిలిచి, "రేకుల రూమ్ అంటే ఎవరమ్మా?" అని అడిగారు.

నేను నాలుగు రోజులు గ్రంథాలన్నీ తిరగేశాను. ఐదో రోజు మా క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే అమ్మాయి అర నిమిషంలో చెప్పేసింది. చింతల దశరథ్ అని, ఇరవై ఆరేళ్ళవాడు, బోరబండలో మూడో అంతస్తు మీద రేకుల గదిలో ఉంటాడు. హిప్‌హాప్ పాటలకు బీట్లు చేస్తాడు. బీట్ అంటే పాట కింద నడిచే నడక. డ్రమ్ము, బేసు, ఎక్కడెక్కడివో నాలుగు చప్పుళ్ళు కత్తిరించి, తిప్పి, అతికించిన నిమిషంన్నర ముక్క. దాని మీద ర్యాప్ పాడేవాళ్ళు పాడుకుంటారు. సినిమా లేదు, కంపెనీ లేదు, గోడ మీద పోస్టర్ లేదు. చేసి నెట్‌లో పడేస్తాడు, కావలసినవాళ్ళు ఎత్తుకుపోతారు. ఆరేళ్ళుగా అదే పని.

నేనూ, సూపరింటెండెంట్ పరాంకుశం గారూ వెళ్ళాం. కింద గదిలో దశరథ్ తల్లి అనసూయమ్మ చీరలకు ఫాల్స్ కుడుతోంది. మేం సర్కారు వాళ్ళమని తెలియగానే మిషన్ ఆపి లేచి నిలబడింది. "ఏం జేసిండు సార్ మావోడు?" అంది. ఏమీ చెయ్యలేదమ్మా అంటే, "అదే నేను గూడ అనేది" అని మళ్ళీ కూర్చుంది.

పైన రేకుల కింద చెమట్లు కక్కుకుంటూ పరాంకుశం గారు ప్రశ్నావళి తీశారు.

"తమరి గురువు గారి నామధేయం?"

"గురువెవరు లేరు సార్. యూట్యూబ్ జూసి నేర్చుకున్న."

'పరంపర: యూట్యూబు' అని రాసుకున్నారు పరాంకుశం గారు. "తమరి కృతులు మొత్తం ఎన్ని?"

దశరథ్ కంప్యూటర్‌లో చూసి, "నాలుగు వేల నూట పన్నెండు" అన్నాడు. ఇంకో రెండు మీటలు నొక్కి, "పదమూడు" అన్నాడు. అప్పుడు మాకెవరికీ భయం వెయ్యలేదు. ఆ అబ్బాయి వైనం చూస్తే నవ్వొచ్చింది కూడా. ఎన్నడూ ఎవరూ అడగని మనిషిని అడిగితే ఎలా ఉంటుందో అలా ఉన్నాడు. కుర్చీ మాకిచ్చి, నీళ్ళ డబ్బా బోర్లించి దానిమీద కూర్చుని, "మేడమ్, మొత్తం వింటరా? నిజంగ, మొత్తం?" అని మూడుసార్లు అడిగాడు.

మొత్తం వినడం నా ఉద్యోగం. అలా మొదలైంది.

మా సూచిక నమూనా తాళపత్రాల కాలంలో తయారైంది. అందులో కర్త, కృతి, రాగం, తాళం, ఆది వాక్యం, అంత్య వాక్యం, స్థితి అని గళ్ళుంటాయి. గడి ఖాళీగా వదిలితే పరాంకుశం గారు కార్డు వెనక్కి పంపుతారు. కనుక ఒకటో నంబరు కార్డులో ఆది వాక్యం 'ధమ్' అనీ, అంత్య వాక్యం 'ధమ్' అనీ రాశాను. స్థితి అన్నచోట తాటాకుల కార్డుల్లో 'పురుగు తిన్నది', 'అంచులు విరిగినవి' అని రాస్తాం. దశరథ్ పాత రికార్డు గీసుకుపోయినట్టు చిరచిరమనే చప్పుడు కావాలనే కలుపుతాడు. నేను నిజాయితీగా 'అంతటా చిరచిర' అని రాశాను. మర్నాడు మా సంరక్షణ విభాగం వాళ్ళు వచ్చి, తాళపత్రాలకు పట్టించినట్టే, అతను బీట్లన్నీ నింపి ఇచ్చిన హార్డ్ డిస్క్‌కు నిమ్మగడ్డి నూనె పట్టించి నీడలో ఆరబెట్టారు. దశరథ్ దగ్గర ఇంకో నకలు ఉండబట్టి బతికిపోయాం.

ఇక పేర్లు. అతను ఫైళ్ళకు ఏది తోస్తే అది పెడతాడు: 'కరెంట్ పోయింది', 'అమ్మ పిలుస్తుంది', 'అన్నం తిన్నంక చూడాలె'. ఒక బీట్‌కు మాత్రం 'ఫైనల్', 'ఫైనల్ రెండు', 'ఇదే ఫైనల్', 'ఒట్టు ఫైనల్' అని పదిహేడు ఫైళ్ళు ఉన్నాయి. ఈ సంగతి వినగానే మార్కండేయులు గారి కళ్ళు మెరిశాయి.

"పాఠాంతరాలు! పదిహేడు ప్రతులు! వీటిలో మూల ప్రతి ఏదో తేల్చవలసి ఉన్నది. తక్కినవన్నీ లేఖకుల ప్రమాదాలు."

"లేఖకులెవరూ లేరండీ. అన్నీ అతనే చేశాడు. ఫోన్ చేసి అడిగితే చెప్తాడు" అన్నాను.

"కర్తను అడుగుట శాస్త్రసమ్మతం కాదమ్మా. కర్తకు పక్షపాతం ఉంటుంది" అన్నారు.

పాఠ నిర్ణయానికి రెండు రోజుల సదస్సు జరిగింది. ముగ్గురు పండితులు 'ఇదే ఫైనల్' ప్రక్షిప్తమని, అంటే ఎవరో తర్వాత చొప్పించిందని తీర్మానించారు. బయట మెట్ల మీద కూర్చుని ఫలహారం తింటున్న దశరథ్‌ను లోపలికి ఎవరూ పిలవలేదు.

మొదటి రెండు వందలు విన్నప్పుడు నాకు తలనొప్పి తప్ప ఏమీ మిగల్లేదు. అమృతాంజనం రాసుకుని హెడ్‌ఫోన్స్ పెట్టుకునేదాన్ని. నాలుగు వందలు దాటాక ఒకరోజు వింటూ వింటూ రాయడం ఆపాను. డ్రమ్ము వెనకాల సన్నగా ఏదో పరుగెడుతోంది. వాళ్ళమ్మ కుట్టు మిషన్! తర్వాత వెనక్కి వెళ్ళి వింటే చాలాచోట్ల ఉంది. ఆమె తొందరగా కుడితే బీటు తొందరగా నడిచింది, దారం తెగిన చోట ఆగింది. ఇంకొన్నాళ్ళు కుక్కర్ విజిల్ కాలం. తర్వాత సిటీ బస్సు కండక్టర్ రేకు మీద కొట్టే దెబ్బల కాలం. ఆరు వందల నలభయ్యోది వాన. రేకుల మీద పడ్డ వానను నెమ్మది చేసి, నెమ్మది చేసి, ఎవరో పెద్దమనిషి బరువుగా మెట్లెక్కుతున్నట్టు చేశాడు. ఆ సాయంత్రం బస్సులో దాన్నే మళ్ళీ పెట్టుకుని, దిగవలసిన స్టాపు దాటి మూడు స్టాపులు పోయాను. సంతోషంగా నడిచి వెనక్కి వచ్చాను. ఉద్యోగం వల్ల సంతోషం కలగడం నాకదే మొదలు.

ఆరు నెలలయ్యాక ప్రగతి సమీక్ష జరిగింది.

"ఇంకా నమోదు కావలసినవి ఎన్ని?" అని అడిగారు సంచాలకులు.

"నాలుగు వేల నూట పదిహేను" అన్నాను.

"పని మొదలుపెట్టిన నాడు?"

"నాలుగు వేల నూట పదమూడు."

నేను లెక్క చెప్పాను. రోజుకు ఆరు కార్డులు మా ప్రమాణం. సెలవులు పోగా నెలకు నూట ఇరవై. దశరథ్‌కు సెలవుల్లేవు. రోజుకు నాలుగు చేస్తాడు. అదీ నూట ఇరవయ్యే. పైగా పండగలప్పుడు మేం ఇంటికి పోతాం, అతను ఇంకో రెండు ఎక్కువ చేస్తాడు.

"అనగా ఈ సూచిక ఎన్నటికీ ముగియదు" అన్నారు మార్కండేయులు గారు నీరసంగా. "ముగియనిదాన్ని కుట్టరు. కుట్టనిదాన్ని ఆవిష్కరించరు. కార్యదర్శి గారికి నేనేమని విన్నవించుకోను?"

పరాంకుశం గారు ఒక లేఖ తయారుచేశారు. 'సమగ్రతా దృష్ట్యా తమరు తమరి సృజనను తదుపరి ఉత్తర్వుల వరకు నిలుపుదల చేయగలరని కోరడమైనది.' పోస్టు ఆలస్యమవుతుందని ఫోన్‌లో చదివి వినిపించారు కూడా. సాయంత్రానికి దశరథ్ నుంచి జవాబు వచ్చింది. అది ఒక బీట్. పరాంకుశం గారి గొంతులో 'నిలుపుదల, నిలుపుదల, నిలు నిలు నిలుపుదల' అని తిరుగుతోంది, కింద బేసు దంచుతోంది. చచ్చినట్టు దానికీ ఒక కార్డు రాశాను. అంత్య వాక్యం దగ్గర 'కోరడమైనది' అని రాశాను.

రెండో సమావేశంలో పరాంకుశం గారు పాత సూచికలన్నీ పరిశీలించి వచ్చారు. "పూర్వ ఉదాహరణలన్నీ చూశానండి. మూడు వందల పదకొండు మందిలో సజీవులు లేరు. సమస్యకు మూలం అక్కడున్నది" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి నన్ను అడిగారు: "ఆ అబ్బాయి ఆరోగ్యం ఎట్లా ఉంటుందమ్మా? బీపీ, షుగరు, అట్లాంటివేమైనా?"

"ఇరవై ఆరేళ్ళండీ. మూడంతస్తులు పరుగెత్తుకుంటూ ఎక్కుతాడు."

"అయితే కష్టం" అన్నారు నిట్టూర్చి.

నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే ఒక మాట నోరు జారింది. ఇప్పటికీ దానికి నన్ను నేను క్షమించుకోలేదు.

"ఎందుకండీ ఇంత బాధ? తీసుకొచ్చి మన ఆఫీసులోనే ఉద్యోగం ఇవ్వండి. ఇందులో చేరకముందు నేను నెలకో కథ రాసేదాన్ని. చేరాక ఒక్కటి రాస్తే ఒట్టు!"

వెటకారం అన్నది మా ఆఫీసులో చెల్లదు. అక్కడ అన్నిటికీ అమలు ఉంటుంది. మార్కండేయులు గారు లేచి నిలబడి, "వకుళగారూ, అద్భుతం" అన్నారు. ఆ సాయంత్రమే ఫైలు కదిలింది. మా ఆఫీసులో ఫైలు సాయంత్రం కదలడం నేను చూడ్డం అదే మొదటిసారి.

దశరథ్ 'కనిష్ఠ సహాయకుడు, ధ్వని' అయ్యాడు. చేరిన రోజు అనసూయమ్మ కూడా వచ్చింది. మెట్ల మీద కొబ్బరికాయ కొట్టి, కొడుకు కుర్చీకి పసుపు రాసి బొట్టు పెట్టింది. బస్తీ అంతా లడ్డూలు పంచానని చెప్పింది. నా చేతులు పట్టుకుని, "ఇరవయ్యేండ్లు మిషన్ తొక్కిన మేడమ్. సర్కారు నౌకరి! మీ నోటి సలవ" అంది. నేల చీలితే బాగుండుననిపించింది. లడ్డూ తిన్నాను.

పగలు ఆఫీసు, రాత్రి బీట్లు చేసుకోవచ్చనుకున్నాడు దశరథ్. నెల తిరక్కుండానే నియమావళి చేతికిచ్చారు. ప్రభుత్వోద్యోగి ఏ కళాకృతి తలపెట్టినా ముందస్తు అనుమతి తీసుకోవాలి. ఒక్కో కృతికి ఒక దరఖాస్తు, నాలుగు నకళ్ళు. పాపం నమ్మి దరఖాస్తు పెట్టాడు. ఇరవై రోజులకు తిరిగి వచ్చింది: 'చేయబోవు ధ్వని నమూనా జతచేయలేదు. జతచేసి పంపగలరు.' అతను నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, చెయ్యనీకి పర్మిషన్ అడుగుతున్న. చేసింది పెట్టమంటున్నరు. పర్మిషన్ లేకుంట చేస్తే తప్పంటున్నరు. నేనేం పెట్టాలె?"

"ఇంకోసారి అడిగి చూడు నాయనా" అన్నాను. నాకు అంతకన్నా మంచి జవాబు తెలియదు.

ఇంకో రెండుసార్లు అడిగాడు. తర్వాత అడగలేదు.

కార్డులు రాసే పనిలో అతన్ని నా పక్కనే వేశారు. రోజుకు నేను ఆరు, అతను ఆరు. తన బీట్‌కు తనే ఆది వాక్యం, అంత్య వాక్యం రాసేవాడు. నా పాత కార్డులు ముందర పెట్టుకుని, నా అక్షరాలే చూసి దిద్దుకునేవాడు. కొత్తవి రావడం ఆగింది కనుక పాతవి తరగసాగాయి. ఏడాదిన్నర గడిచింది. దశరథ్ పదకొండింటి టీ, నాలుగింటి టీ నేర్చుకున్నాడు. క్యాజువల్ లీవు ఏ వారానికి కలిపితే ఎన్ని రోజులొస్తాయో నేర్చుకున్నాడు. మెట్లు నెమ్మదిగా ఎక్కడం నేర్చుకున్నాడు. హెడ్‌ఫోన్స్‌లో తన పాత వాన మోగుతుంటే కార్డు నింపి, పక్కన పెట్టి, తర్వాతది అందుకునేవాడు.

నాలుగు వేల ఎనిమిది వందల డెబ్భై ఒకటో కార్డుతో లెక్క తీరింది. సంచాలకులు ఎర్ర గీత కొట్టారు. బైండరు పదకొండు సంపుటాలు కుట్టాడు. తూకం వేస్తే ముప్పై ఎనిమిది కిలోలు వచ్చాయి. ఆవిష్కరణ నాటికి కార్యదర్శి గారు మత్స్యశాఖకు బదిలీ అయ్యారు, కొత్తగా వచ్చినాయన సంపుటాలు ముట్టుకుని దండం పెట్టి వెళ్ళిపోయారు. బీట్లు వినిపించమని ఎవరూ అడగలేదు. హార్డ్ డిస్క్ బీరువాలో భద్రంగా ఉంది, బీరువా తాళం డిప్యుటేషన్ మీద వెళ్ళిన మనిషి దగ్గర భద్రంగా ఉంది.

చివర్లో దశరథ్‌ను రెండు మాటలు మాట్లాడమన్నారు. అతను మైకు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గౌరవనీయులైన సంచాలకుల వారి ఆదేశానుసారం నా సృజన నిర్ణీత గడువులోగా ముగిసినదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాను" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది. బాత్రూములోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చాను. ఆ పిల్లవాడి నోట ఆ భాష నేను పెట్టిందే.

రెండు రోజులు నిద్ర పట్టలేదు. మూడో రోజు ఒక ఆకాశరామన్న ఉత్తరం రాసి, ఊరవతల డబ్బాలో వేశాను. 'మీ కార్యాలయంలో కనిష్ఠ సహాయకుడు చింతల దశరథ్ అనుమతి లేకుండా రహస్యంగా బీట్లు చేయుచున్నాడు. తక్షణం తొలగించవలెను.' తొలగిస్తే రేకుల గదిలో మళ్ళీ బీట్లు మొదలుపెడతాడని నా ఆశ.

పరాంకుశం గారు విచారణాధికారి. వారం రోజులు దశరథ్ సొరుగులు, ఫోను, టిఫిన్ డబ్బా సోదా చేశారు. బోరబండ పోయి రేకుల గది చూసి వచ్చారు. కంప్యూటర్ మీద అనసూయమ్మ ఎండుమిరపకాయలు ఆరబోసిందట. నివేదిక ఇలా వచ్చింది: 'సదరు ఉద్యోగి విధుల్లో చేరి స్థిరపడిన తరువాత ఎట్టి సృజనకూ పాల్పడలేదని నిస్సంశయముగా రూఢియైనది. ఇతర సిబ్బందికి ఆదర్శప్రాయుడు.' ప్రశంసాపత్రం ఇచ్చారు. పటం కట్టించి నా బల్ల ఎదురుగా గోడకు తగిలించారు.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయాక దశరథ్ నా దగ్గరికి కుర్చీ లాక్కున్నాడు.

"ఆ ఉత్తరం నాకు సూపించిండ్రు మేడమ్."

నేను కార్డులు సర్దుకుంటూ "అవునా" అన్నాను.

"ఏడాదిన్నర మీ రాత సూసి రాసిన. నాకు తెల్వదా?"

నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"కోపం లేదు మేడమ్. మా అమ్మ ఆ పటం ముందర అగర్‌బత్తి పెట్టమన్నది. నాకేమో ఆ ఉత్తరమే మంచిగనిపిచ్చింది. నేనింకా బీట్లు చేస్తున్నా అని రాసినోళ్ళు ఒక్కలన్న ఉన్నరు గదా అని. అబద్ధమే. అయినా మంచిగనిపిచ్చింది."

"రాజీనామా చెయ్యరాదూ?" అన్నాను.

"నేను నౌకరి ఇడిస్తే మా అమ్మ నన్ను బతకనియ్యది. లడ్డూలు పంచింది. నేను ఇడువొద్దు. వాళ్ళే తీసెయ్యాలె." జేబులోంచి ఫోను, ఇయర్‌ఫోన్స్ తీసి నా ముందు పెట్టాడు. "నిన్న కొన్ని చప్పుళ్ళు ఫోన్ల పట్టుకున్న. రాత్రి నిద్ర పట్టలె. మిర్చి తీసి పక్కకు పెట్టిన. ఇప్పుడు మీ ఉత్తరం అబద్ధం గాదు."

పెట్టుకుని విన్నాను. మా ఆఫీసే. రబ్బరు స్టాంపు దెబ్బలు, తిరిగేటప్పుడు మా ఫ్యాను చేసే కీచు, పరాంకుశం గారి దగ్గు, అటెండరు నర్సింలు "సంతకం వెట్టుండ్రి" అనే కేక. ఏడాదిన్నరగా మౌనంగా కూర్చుని ఇవన్నీ విన్నాడన్నమాట. అడుగున నా పెన్ను గీకుడు. గర గర గర, ఆపకుండా. ఇరవై రెండేళ్ళలో నేను రాసినది చప్పుడుగా ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. రెండోసారి పెట్టుకుని విన్నాను. తర్వాత తెల్ల కాగితం తీసి ఫిర్యాదు మళ్ళీ రాశాను. నేను స్వయంగా, పూర్తిగా, రెండుసార్లు విన్నానని రాసి, కింద నా పేరు రాసి సంతకం పెట్టాను.

ఈసారి విచారణ సంచాలకుల గదిలోనే జరిగింది. కంప్యూటర్ కవరు విప్పి సాక్ష్యం మోగించారు.

"అది నా దగ్గు!" అన్నారు పరాంకుశం గారు ఎగిరిపడి. "ప్రభుత్వ దగ్గు!"

మార్కండేయులు గారు కళ్ళు మూసుకుని ఆఖరిదాకా విన్నారు. "మరొక పర్యాయం, విచారణ నిమిత్తం" అన్నారు. మూడో పర్యాయం కూడా విచారణ నిమిత్తమే. నాలుగో పర్యాయానికి బల్ల కింద ఆయన కుడికాలు ఆడుతుండడం నేను చూశాను. నేను చూశానని ఆయన చూశారు. కాలు ఆపి, కలం తీశారు.

సమస్య దశరథ్ కాదు, సూచిక. పదకొండు సంపుటాలు కుట్టేశాం. ఇప్పుడు ఇంకోటి పుట్టిందంటే ముప్పై ఎనిమిది కిలోలూ అబద్ధం. రెండు గంటల తర్జనభర్జన తర్వాత ఉత్తర్వు వెలువడింది: 'సదరు ఉద్యోగి సృజనకు పాల్పడినట్టు రుజువైనందున విధుల నుంచి తొలగించడమైనది. ఇకమీదట సదరు వ్యక్తి చేయు ధ్వనులు ఈ కార్యాలయము దృష్టిలో ధ్వనులు కావు.'

కబురు తెలిసి అనసూయమ్మ ఆటో కట్టించుకుని వచ్చింది. నన్నే అడుగుతుందనుకుని లేచి నిలబడ్డాను. ఆమె నన్ను దాటి నేరుగా సంచాలకుల గదిలోకి పోయింది.

"నా కొడుకు దొంగతనం జేసిండా? తాగొచ్చి తన్నిండా?"

"లేదమ్మా. శబ్దం చేశాడు" అన్నారు మార్కండేయులు గారు.

"శబ్దం జేసిండని తీసేసిండ్రా! ఇరవయ్యేండ్ల సంది నేను మిషన్ తొక్కుత, నాది శబ్దం గాదా? ఆటోలు, బోరింగులు, కుక్కలు, అన్ని శబ్దమే గదా! పారా దశరథా. గిసొంటోళ్ళ కాడ నీకేం పని?" అని కొడుకు చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. మెట్ల మీద దశరథ్ ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూశాడు. తర్వాత తల్లికన్నా ముందు, రెండేసి మెట్లు దిగుతూ పోయాడు.

మరుసటి సోమవారం నా బల్ల మీద మెమో ఉంది. 'నమోదు కాని ధ్వనిని పూర్తిగా, రెండు పర్యాయములు విన్నట్లు మీరే లిఖితపూర్వకముగా అంగీకరించియున్నారు. మీ వినికిడి విచారణ నిమిత్తము కాదు, విధి నిర్వహణయూ కాదు. ఏ కారణము చేత వింటిరో మూడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను.'

ఇంకా ఎనిమిదేళ్ళ సర్వీసు ఉంది నాకు. సంజాయిషీలు ఎలా రాయాలో మా ఆఫీసులో నాకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. మొదటి రోజు నాలుగు పేజీలు రాశాను, నియమాలూ ఉపనియమాలూ ఉటంకిస్తూ. రెండో రోజు దాన్ని రెండు పేజీలకు తగ్గించాను. మూడో రోజు రెండూ చించేసి, మంచి కాగితం తీసుకుని, నా గుండ్రటి చేతిరాతలో సంచాలకుల వారికి ఒక్క ముక్క రాసి ఇచ్చాను.

బాగుంది కనుక విన్నాను.